బొగ్గుకు ఒడంబడిక, బొగ్గుపనివానికి పీఠిక

పరిశోధన అన్నంతనే మన మనస్సులో మెదిలేది ప్రయోగశాల. గాజుగొట్టాలు, సూక్ష్మదర్శినులు, తెల్లని అంగీ ధరించిన శాస్త్రజ్ఞుడు. న్యాయశాస్త్ర పరిశోధకునికి ఈ సామగ్రి ఏదీ లేదు. అందునా అంతర్జాతీయ ఇంధన న్యాయం, వాతావరణ న్యాయం అనే నూతన విభాగంలో కృషి చేసేవారి పని చూచేవారికి మరీ నిరాడంబరంగా, ఒకింత నీరసంగా కూడా తోస్తుంది. వారు చేసేదల్లా చదవటం. దేశాలు పరస్పరం చేసుకొన్న ఒడంబడికలను, వాటి ముసాయిదాలను, ఆ ముసాయిదాలపై జరిగిన చర్చల నివేదికలను, మధ్యవర్తులు వెలువరించిన వందలాది పుటల తీర్పులను పంక్తి విడువకుండా చదవటం. చదివి, ఒక పదం ఎక్కడినుంచి వచ్చినది, ఎవరి మేలుకొరకు వచ్చినది, ఎవరి నెత్తిన పడనున్నది అని విచారించటం. ఈ పనికి మన కళాశాలలలో ఉన్న గౌరవం స్వల్పం. వైద్యమో ఇంజనీరింగో కానిదంతా కాలక్షేపమని తలచే కాలం ఇది. అయితే ఈ చదువు మన గనులకు, మన పొలాలకు, మనవారి కూలికి ఎంత దగ్గరగా వచ్చి నిలిచినదో పాఠకులకు విన్నవించటమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఒక్క పదం విలువ ఎంత? 2015 డిసెంబరులో పారిస్ నగరాన వాతావరణ ఒప్పందం ఆమోదం పొందబోయే చివరి గంటలలో నాల్గవ అధికరణంలోని ఒక క్రియాపదం యావత్తు సభను నిలిపివేసినది. ఉద్గారాల తగ్గింపులో సంపన్న దేశాలు ముందు నడవవలెను అన్న అర్థంలో ఆంగ్లప్రతిలో 'షల్' అనే మాట ఉన్నది. అమెరికా అందుకు సమ్మతించలేదు. ఆ మాటను 'షుడ్' అని మార్చి, ఇది కేవలం సాంకేతికమైన దిద్దుబాటు అన్నట్లు సభకు చదివి వినిపించారు. మన భాషలో చెప్పుకోవాలంటే 'నడవవలెను' పోయి 'నడవటం ఉచితం' వచ్చినది. మొదటిది ఆజ్ఞ, రెండవది హితవు. వ్యాకరణ విద్యార్థికి ఇది ఒక క్రియారూపం. పరిశోధకునికి మాత్రం సంపన్న దేశాల బాధ్యత సన్నగిల్లిన చోటు.

మరొక ఉదాహరణ మనకు మరింత సన్నిహితమైనది. 2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన సమావేశంలో బొగ్గు విద్యుత్తును 'క్రమంగా తొలగించటం' అన్న మాట, మన దేశం కోరిక మీద, 'క్రమంగా తగ్గించటం'గా మారినది. పాశ్చాత్య పత్రికలు మన ప్రతినిధులను ఆ నాడు తీవ్రంగా విమర్శించాయి. ఆ విమర్శ సగమే న్యాయమని మా అభిప్రాయం. బీద దేశాలు ఆధారపడిన బొగ్గును పేరు పెట్టి పిలిచి, సంపన్న దేశాలు మరిగిన చమురు, సహజవాయువుల ఊసెత్తకపోవటం ఆ ముసాయిదాలోని పక్షపాతం. శిలాజ ఇంధనాలన్నింటినుంచీ మరలవలసి ఉన్నదన్న మాట ఒక సమావేశ నిర్ణయంలో చేరటానికి 2023 డిసెంబరులో దుబాయి సమావేశం దాకా ఆగవలసి వచ్చినది.

ఇంతవరకు చెప్పినవి వాతావరణ ఒడంబడికలు. వీటిని ఉల్లంఘించిన దేశాన్ని బోనెక్కించే ఏర్పాటు వాటిలో లేదు. ఈ రంగంలోని పరిశోధకులు ఇటీవలి సంవత్సరాలలో లోకం దృష్టికి తెచ్చిన ముఖ్య విషయం వేరొకటి. ఇంధనం గురించి దేశాలు చేసుకొన్న ఒడంబడికలు మరికొన్ని ఉన్నాయి. వాటికి పళ్ళూ ఉన్నాయి, గోళ్ళూ ఉన్నాయి.

వాటిలో మొదట చెప్పవలసినది ఇంధన ఛార్టరు ఒడంబడిక. సోవియట్ కూటమి చెదరిపోతున్న రోజులలో, 1990లో, నెదర్లాండ్స్ ప్రధానమంత్రి రూడ్ లుబ్బర్స్ ఒక ప్రతిపాదన చేశాడు. తూర్పున చమురు, సహజవాయువులు ఉన్నాయి, పశ్చిమాన పెట్టుబడి ఉన్నది, ఈ రెండింటినీ కలిపే చట్టబద్ధమైన వంతెన కావాలి అన్నది దాని సారాంశం. 1991లో హేగ్ నగరాన రాజకీయ ప్రకటనగా, 1994 డిసెంబరులో లిస్బన్‌లో ఒడంబడికగా సంతకాలు పొంది, 1998 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చినది. తూర్పు దేశాల ప్రభుత్వాలు రేపు మనసు మార్చుకొంటే మన సొమ్ము ఏమగునన్నది పశ్చిమ దేశాల సంస్థల భయం. కావున ఆ ఒడంబడిక పెట్టుబడిదారునికి ఒక అసాధారణమైన అధికారం ఇచ్చినది. తనకు అన్యాయం జరిగినదని భావించిన విదేశీ సంస్థ ఆ దేశపు న్యాయస్థానాల గడప తొక్కనవసరం లేదు. నేరుగా ముగ్గురు మధ్యవర్తుల సభ ముందు ఆ ప్రభుత్వంపైననే దావా వేయవచ్చును. ఒక మధ్యవర్తిని సంస్థ ఎన్నుకొంటుంది, ఒకరిని ప్రభుత్వం, మూడవవారు ఉమ్మడిగా. వారి తీర్పును ప్రపంచంలోని అనేక దేశాలలో డిక్రీవలె అమలు జరిపించుకోవచ్చును.

దానిలో మరొక నిబంధన ఉన్నది. దీనిని మా పాఠకులు కొంచెం ఓపికతో గమనించాలి. ఒక దేశం ఈ ఒడంబడికనుంచి బయటికి పోయినప్పటికీ, పోయిన నాటికి ఉన్న పెట్టుబడులకు మరి ఇరవై సంవత్సరాలపాటు రక్షణ కొనసాగుతుంది. న్యాయవాదులు దీనిని సూర్యాస్తమయ నిబంధన అంటారు. అస్తమించిన పిదప ఇరవై ఏండ్లు కాసే ఎండ ఇది.

ఈ ఎండ ఎవరికి తగిలినదో చూడండి. 2014 చివర ఇటలీ తాను వైదొలగుతున్నట్లు తెలియజేసినది. 2016 జనవరి మొదటి తేదీతో వైదొలగినది. అంతకు కొద్దిగా ముందు ఆ దేశపు పార్లమెంటు తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ళ లోపల చమురు, వాయువులకై తవ్వరాదని నిషేధించినది. ఆడ్రియాటిక్ సముద్రతీర ప్రజలు దీనికై ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. నిషేధం వలన ఓంబ్రినా మారే అనే చోట అనుమతి లభించని రాక్‌హాపర్ అనే బ్రిటిష్ సంస్థ 2017లో దావా వేసినది. 2022 ఆగస్టులో మధ్యవర్తులు ఇటలీ ప్రభుత్వం దాదాపు 19 కోట్ల యూరోలు చెల్లించాలని తీర్పు చెప్పారు. ఒడంబడికనుంచి ఇటలీ వైదొలగి అప్పటికి ఆరేండ్లు దాటినది! 2025 జూన్‌లో ఆ తీర్పు రద్దయిన మాట నిజమే. కాని రద్దుకు కారణం సముద్రమూ కాదు, వాతావరణమూ కాదు. మధ్యవర్తుల సభ ఏర్పాటుకు సంబంధించిన లోపం.

ఒడంబడికకు బీజం వేసిన నెదర్లాండ్స్ అనుభవం మరింత విచిత్రం. ఉర్జెండా అనే పౌరసంస్థ తన ప్రభుత్వంపై వేసిన వ్యాజ్యంలో, 2015లో హేగ్ జిల్లా న్యాయస్థానం మొదలుకొని 2019 డిసెంబరు 20న సుప్రీంకోర్టు వరకు, అన్ని అంచెలలోను ఒకే తీర్పు వచ్చినది. 2020 చివరికల్లా దేశపు ఉద్గారాలను 1990 నాటికంటె కనీసం 25 శాతం తగ్గించవలెను, అది ప్రజల ప్రాణరక్షణకు సంబంధించిన విధి అని. అదే నెలలో, 2030 నాటికి విద్యుత్తు కొరకు బొగ్గు కాల్చటం ఆపివేయాలన్న చట్టం కూడా ఆ దేశంలో వచ్చినది. 2021లో జర్మనీకి చెందిన ఆర్.డబ్ల్యు.ఇ. సంస్థ, 2015లో ప్రారంభమైన తన ఈమ్స్‌హావెన్ బొగ్గు కేంద్రానికి నష్టం కలిగినదని, ఇంధన ఛార్టరు కింద సుమారు 140 కోట్ల యూరోలకు దావా వేసినది. యునిపర్ అనే మరొక సంస్థ దాని వెంట నడిచినది. బొగ్గు తగ్గించలేదని ఒక న్యాయస్థానంలో ముద్దాయి, తగ్గించినందుకు మరొక చోట ముద్దాయి. ఒకే ప్రభుత్వం! ఆ రెండు దావాలూ తరువాత ఉపసంహరించబడ్డాయి. యునిపర్‌ను 2022లో జర్మనీ ప్రభుత్వం దివాలానుంచి ఆదుకొన్నప్పుడు దావా విరమణ ఒక షరతు. ఆర్.డబ్ల్యు.ఇ. 2023లో విరమించుకొన్నది. కాని అటువంటి దావాకు వెరచి మరే దేశపు ప్రభుత్వం ఏ చట్టాన్ని ముసాయిదా దశలోనే మడిచి పెట్టినదో ఎవరు లెక్క చెప్పగలరు?

లెక్క చెప్పటానికి ప్రయత్నించినవారూ లేకపోలేదు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కైలా టీన్‌హారా, ఆమె సహపరిశోధకులు 2022లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, వాతావరణ లక్ష్యాల కొరకు ప్రభుత్వాలు చమురు, సహజవాయువు పథకాలను ఆపివేస్తే ఇటువంటి ఒడంబడికల కింద వచ్చే దావాల మొత్తం 34,000 కోట్ల డాలర్ల దాకా పోవచ్చునని అంచనా కట్టారు. ఒక్కొక్క పథకం పేరు, దాని యజమాని, ఆ యజమాని దేశానికి ఏ దేశంతో ఏ ఒడంబడిక ఉన్నది అని పట్టికలు వేసి చేసిన పని అది. అదే సంవత్సరం ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం నివేదిక కూడా ఈ ఒడంబడికలు వాతావరణ చట్టాలకు అడ్డు కాగలవని గుర్తించినది. ఒక్క వ్యాసంవలన రాజ్యాలు కదలవు. అయినప్పటికీ ఫ్రాన్సు, జర్మనీ, పోలండ్ 2023లో ఛార్టరునుంచి వైదొలిగాయి. బ్రిటన్ 2025 ఏప్రిల్‌లో, ఐరోపా సమాఖ్య 2025 జూన్‌లో తప్పుకొన్నాయి. వారి తలపైన ఇరవై ఏండ్ల ఎండ ఇంకా ఉన్నది.

ఇక్కడ ప్రతిపక్షపు వాదన ఒకటి వినవలసి ఉన్నది. దానిని తోసివేయటం న్యాయం కాదు. పెట్టుబడికి స్థిరమైన హామీ లేకపోతే బొగ్గు గనే కాదు, సౌరవిద్యుత్తు కేంద్రం కూడా రాదు. స్పెయిన్ ప్రభుత్వం మొదట సౌరవిద్యుత్తుకు మంచి ధర వాగ్దానం చేసి, ఆర్థిక సంక్షోభం తరువాత దానిని తగ్గించినందుకు అదే ఇంధన ఛార్టరు కింద యాభైకి పైగా దావాలను ఎదుర్కొన్నది. ఆ దావాలు వేసినది చమురు కంపెనీలు కాదు, ఎండను విద్యుత్తుగా మార్చేవారు. మన పొరుగున కూడా ఇటువంటి కథ ఒకటి నడిచినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్తు కొనుగోలు ఒప్పందాలలోని ధరలను తిరగదోడబూనినది. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో వ్రాసుకొన్న ధరనే చెల్లించాలని ఆదేశించినది. ఆ తీర్పును మేము తప్పు పట్టము. ఇచ్చిన మాటకు విలువ ఉండవలసిందే. మాకు తోచే ప్రశ్న వేరు. కంపెనీకి ఇచ్చిన మాటకు ఒడంబడిక ఉన్నది, ఒప్పందం ఉన్నది, హైకోర్టు ఉన్నది, మధ్యవర్తుల సభ ఉన్నది. తక్కినవారికి ఇచ్చిన మాట ఏ పత్రంలో ఉన్నది?

మన దేశం ఇంధన ఛార్టరులో చేరలేదు గనుక ఈ కథ మనది కాదని ఎవరైనా అనవచ్చు. పెట్టుబడి ఒడంబడికలపై మన దేశం మొట్టమొదట ఓడిపోయిన దావా బొగ్గు గనికి సంబంధించినదే! వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా సంస్థ 1989లో కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకొని, అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న పిపర్‌వార్ గనిని అభివృద్ధి చేసే పని చేపట్టినది. లెక్కలలో తగాదా వచ్చినది. 2002లో పారిస్ వాణిజ్య మండలి మధ్యవర్తులు సుమారు 40.8 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు ఆ సంస్థకు చెల్లించాలన్నారు. తీర్పును కొట్టివేయాలని కలకత్తాలో ఒక దరఖాస్తు, అమలు జరపాలని ఢిల్లీలో మరొకటి. అటు తరువాత సుప్రీంకోర్టు. ఏండ్లు గడిచాయి. 2010లో ఆ సంస్థ భారతదేశంపైననే ఒడంబడిక దావా వేసి, 2011 నవంబరులో గెలిచినది.

గెలిచిన విధానం న్యాయశాస్త్ర విద్యార్థులు వల్లె వేయదగినది. ఆస్ట్రేలియాతో మన ఒడంబడికలో, మీ పెట్టుబడిదారులను ఇతర దేశాలవారికంటె తక్కువగా చూడము అన్న వాక్యం ఉన్నది. ఆ వాక్యాన్ని తాళపుచెవిగా చేసుకొని, మనం కువైటుతో చేసుకొన్న వేరొక ఒడంబడికను తెరిచారు. అందులో హక్కుల అమలుకు సమర్థమైన మార్గం కల్పిస్తామన్న హామీ ఉన్నది. ఆ హామీ తమకూ వర్తిస్తుందని, భారతీయ న్యాయస్థానాలలో తొమ్మిదేండ్ల జాప్యం ఆ హామీకి భంగమని వాదించి మెప్పించారు. పిపర్‌వార్ గనికి భూమి ఇచ్చిన రైతు, నష్టపరిహారం కొరకు ఇరవై ఏండ్లు న్యాయస్థానం చుట్టూ తిరిగినా, ఏ కువైటు ఒడంబడికా అతని అక్కరకు రాదు. జాప్యం ఇద్దరికీ ఒకటే. దానిని నేరంగా పరిగణించే శాసనం మాత్రం ఒక్కరికే ఉన్నది.

ఆ తరువాత మన ప్రభుత్వం మేల్కొన్నది. 2015 డిసెంబరులో ఒక కొత్త నమూనా ఒడంబడికను ఆమోదించి, 2016లో యాభైకి పైగా దేశాలకు పాత ఒడంబడికల రద్దు తాఖీదులు పంపినది. కొత్త నమూనా ప్రకారం విదేశీ సంస్థ మొదట ఐదు సంవత్సరాలు మన న్యాయస్థానాలలో ప్రయత్నించిన పిదపనే మధ్యవర్తుల వద్దకు పోవాలి. అయితే 2024 ఫిబ్రవరిలో సంతకాలు జరిగి ఆగస్టులో అమలులోకి వచ్చిన ఎమిరేట్స్ ఒడంబడికలో ఆ ఐదు మూడైనది. 2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో నమూనానే పెట్టుబడిదారునికి మరింత అనుకూలంగా సవరించనున్నట్లు ఆర్థికమంత్రి ప్రకటించారు. అనగా ఈ పత్రాలు మరల వ్రాయబడుతున్న కాలం ఇది.

ఇప్పుడు మన గనుల వైపు చూద్దాము. సింగరేణిలో 1889 ప్రాంతాన ఇల్లందు వద్ద మొదలైన తవ్వకం కొత్తగూడెం, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి దాకా వ్యాపించి మూడు నాలుగు తరాలకు అన్నం పెట్టినది. 1990ల ఆరంభంలో ఆ సంస్థలో లక్షకు పైబడి కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సొంత కార్మికుల సంఖ్య దాదాపు నలభై వేలు. కాంట్రాక్టువారు వేరు. ఈ తగ్గుదలకు కారణం వాతావరణ ఒడంబడిక కాదు. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టు వచ్చినది, మనుషులు పోయి యంత్రాలు వచ్చాయి. రేపు బొగ్గు వాడకమే తగ్గే నాడు మిగిలిన వారి సంగతి ఏమి? సంస్థ ప్రభుత్వానిది గనుక కార్మికునికి ఏదో కొంత దక్కవచ్చును. కాంట్రాక్టు కూలీకి, బొగ్గులారీ క్లీనరుకు, గని కాలనీ ముందు చాయ్ హోటలు పెట్టుకొన్నవానికి దక్కేదేమిటి?

పారిస్ ఒప్పందంలో వీరి ప్రస్తావన ఉన్నది. ఉన్నది గాని పీఠికలో ఉన్నది. శ్రామికులకు న్యాయమైన పరివర్తన ఆవశ్యకమని అందులో ఒక వాక్యం. పీఠిక మంత్రపుష్పం వంటిది. శ్రుతిమనోహరంగా ఉంటుంది, దాని ఆధారంగా ఎవరిపైనా దావా వేయటం కుదరదు. పెట్టుబడికి అధికరణాలు, పరిచ్ఛేదాలు, నష్టపరిహారం లెక్కకట్టే విధానాలు, ఇరవై ఏండ్ల గడువులు. పనివానికి పీఠికలో ఒక్క వాక్యం. ఈ రంగంలోని పరిశోధనను మేము చదివినంతలో మా మనస్సులో నాటుకొన్న విషయం ఇదే.

ఇది తప్పనిసరి కాదనటానికి జర్మనీయే తార్కాణం. 2020లో ఆ దేశం 2038లోగా బొగ్గు విద్యుత్తును నిలిపివేయటానికి చట్టం చేసినది. లిగ్నైట్ సంస్థలు రెండింటికి 435 కోట్ల యూరోల పరిహారం నిర్ణయించి, ప్రతిగా ఇంధన ఛార్టరు కింద దావాలు వేయమని వారిచే ఒప్పంద పూర్వకంగా వ్రాయించుకొన్నది. అంతటితో ఆగలేదు. బొగ్గు ప్రాంతాల పునర్నిర్మాణానికి 4,000 కోట్ల యూరోల దాకా కేటాయించినది. 58 సంవత్సరాలు నిండి పని పోయిన కార్మికునికి పింఛను అందేవరకు, గరిష్ఠంగా ఐదేండ్లు, భృతి ఏర్పాటు చేసినది. సంపన్న దేశం గనుక చేయగలిగినదంటే అది నిజమే. చట్టంలో అధికరణంగా వ్రాయటానికి మాత్రం సంపద అక్కరలేదు.

సౌరవిద్యుత్తు విషయంలోనూ ఇదే తంతు. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన వేయి మెగావాట్ల సౌర ఉద్యానం అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. అటువంటి ఉద్యానాల కొరకు భూములు సేకరించే చోట సాధారణంగా పట్టా ఉన్న రైతు పేరు లెక్కలోకి వస్తుంది. ఆ చేలలో కలుపు తీసిన కూలి మనిషి పేరు, ఆ బీళ్ళలో గొర్రెలు మేపుకొన్నవాని పేరు ఏ కాగితంలోను ఉండదు.

ఈ సందర్భంలో ఒక శుభవార్త చెప్పాలి. అది విద్యార్థులకు సంబంధించినది. పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు అనే చిన్న దీవుల దేశంలో, పోర్ట్ విలా పట్టణాన, దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది 2019లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. వాతావరణం విషయంలో దేశాల విధులేమిటో, విధి తప్పితే కలిగే ఫలితమేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగించాలన్నది వారి సంకల్పం. ముందుగా తమ దీవుల ప్రభుత్వాలకు లేఖలు వ్రాశారు. వనువాటు ప్రభుత్వం ఆ ప్రశ్నను చేపట్టినది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏకగ్రీవంగా ఆ ప్రశ్నను హేగ్‌కు పంపినది. 2024 డిసెంబరులో రెండు వారాలపాటు విచారణ జరిగినది. 96 దేశాలు వాదనలు వినిపించాయి. ఆ న్యాయస్థానం చరిత్రలో అంతటి విచారణ మరొకటి లేదు. 2025 జూలై 23న పదిహేనుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో సలహా వెలువరించారు.

ఆ సలహా దేశాలను నేరుగా బంధించేది కాదు. కాని అందులోని మాటలు మెత్తనివి కావు. వాతావరణాన్ని కాపాడటానికి తగిన చర్య తీసుకొనకపోవటం, శిలాజ ఇంధనాల అన్వేషణకు లైసెన్సులు, శిలాజ ఇంధనాలకు సబ్సిడీలు ఇవ్వటంతో సహా, అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమైన చర్య కావచ్చునని న్యాయస్థానం పేర్కొన్నది. విచారణలో మన దేశం, వాతావరణ ఒడంబడికలలో ఉన్న బాధ్యతలకు మించి కొత్తవి సృష్టించవద్దని, చారిత్రకంగా ఎక్కువ పొగ విడిచిన దేశాలదే ముఖ్య బాధ్యత అని వాదించినది. ఒడంబడికలే సర్వస్వమన్న వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. సంప్రదాయ న్యాయం కూడా దేశాలను బంధిస్తుందన్నది. రెండవ వాదంలోని సారాన్ని మాత్రం గ్రహించి, దేశాల శక్తిని బట్టి, పరిస్థితిని బట్టి విధి మారుతుందని తెలిపినది. ఉమ్మడి బాధ్యత, కాని తరతమ భేదం గల బాధ్యత అన్న ఈ సూత్రంపై లోకం గౌరవించే పరిశోధన చేసినవారిలో బెంగుళూరు న్యాయ విశ్వవిద్యాలయంలో చదివి, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యపదవిలో ఉన్న లావణ్యా రాజమణి ఒకరు. అన్ని దేశాలనూ ఒకే కొలతతో కొలవరాదన్న మాటకు న్యాయశాస్త్రంలో నిలువ నీడ దొరికినదంటే అటువంటివారి కృషి కొంత కారణం.

శిలాజ ఇంధనాల లైసెన్సులు అన్న మాట చదివి మేము ఉత్సాహపడినంతగానే సందేహించాము కూడా. పోర్ట్ విలా విద్యార్థికి ఆ వాక్యం ప్రాణవాయువు. అతని దీవి మునిగిపోతున్నది. మన విద్యుత్తులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గునుంచే వస్తున్నది. గోదావరిఖని విద్యార్థికి, అతని తండ్రి గనిపనివాడైతే, అదే వాక్యం ఇంటి కప్పు మీద పిడుగు. ఇద్దరిలో ఎవరు అబద్ధం? ఎవరూ కారు. దీవిని కాపాడే ఖర్చు గోదావరిఖని ఇంటివాని నెత్తిన వేయరాదని చెప్పే మరొక వాక్యం ఆ పక్కనే కావాలి. ఆ వాక్యం ఇంకా ఎక్కడా అధికరణంగా వ్రాయబడలేదు. దానిని వ్రాయవలసినవారు ఆక్స్‌ఫర్డ్‌వారే కానక్కరలేదు.

ఆ వాక్యం వింతదేమీ కాదు. మన దేశపు 2016 దివాలా చట్టం 53వ విభాగం ప్రకారం, కంపెనీ మూతపడి ఆస్తులు పంచే నాడు, కార్మికులకు రావలసిన ఇరవై నాలుగు నెలల బకాయి తాకట్టు పెట్టుకొన్న బ్యాంకు బకాయితో సమానమైన స్థానం పొందుతుంది. స్వదేశంలో మూతపడిన కంపెనీ విషయంలో మనం ఒప్పుకొన్న ధర్మాన్ని, వాతావరణం కొరకు మూతపడే గని విషయంలో, విదేశాలతో చేసుకొనే ఒడంబడికలలో ఎందుకు వ్రాయరాదు? పెట్టుబడిదారునికి పరిహారం చెల్లించే పక్షంలో, ఆ పని మీద బ్రతికిన శ్రామికులకు, స్వంత, కాంట్రాక్టు అన్న భేదం లేకుండా, ముందుగా చెల్లించవలెను. ఇంతే. ఇందులో చివరి మాట హేగ్‌లోనో ఢిల్లీలోనో హితవుగా మారకుండా కాచుకొనటం పరిశోధకుల వంతు.

ఇక భాష సంగతి. ఈ చర్చ యావత్తు ఆంగ్లంలో, కొంత ఫ్రెంచిలో సాగుతున్నది. మన రైతుకు, కార్మికునికి న్యాయపరిభాష తెలియదనుకోవటం పొరపాటు. అర్జీ, వకీలు, కరారు, కౌలు, జామీను, జప్తు, దస్తావేజు, రాజీ, అమలు, హక్కు. ఇవన్నీ ఉర్దూ, ఫారసీల ద్వారా వచ్చి తెలుగువాని నాలుక మీద స్థిరపడిన మాటలు. రెండు భాషలవారూ ఒకే బల్లమీద కూర్చొని చదివే మన కళాశాలకు ఇది వేరొకరు చెప్పనక్కరలేని విషయం. 'హక్కు' అన్న మాటకు అర్థం అడిగే మనిషి మన పల్లెలలో లేడు. కాని ఇంధన ఒడంబడికలలోని ఒక్క అధికరణమైనా ఈ రెండు భాషలలో అతనికి అందుబాటులో ఉండటం అరుదు.

కావున మా ప్రతిపాదన చిన్నది. మన ప్రభుత్వపు నమూనా పెట్టుబడి ఒడంబడిక పెద్ద గ్రంథమేమీ కాదు. ఎవరైనా చదువుకొనటానికి బహిరంగంగానే ఉన్నది. రాజనీతిశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, ఉర్దూ విభాగంవారు, తెలుగు విభాగంవారు జతలుగా కూర్చొని, ఒక్కొక్క జత ఒక్కొక్క అధికరణం తీసుకొని, వ్యవహారంలో ఉన్న మాటలతో రెండు భాషలలోకి తేవాలి. గనిప్రాంతాలనుంచి వచ్చిన విద్యార్థులు సెలవులలో దానిని ఇంటికి పట్టుకొని పోయి వినిపించి, పెద్దలు అడిగిన ప్రశ్నలను వ్రాసుకొని రావాలి. ఆ ప్రశ్నలకు వచ్చే సంవత్సరపు సంచికలో నాలుగు పుటలు, రెండు తెలుగుకు, రెండు ఉర్దూకు, కేటాయించవలసినదిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాము.